ఎవ్వల పెండ్లీ గాదు

శుక్రారం క్రషర్ బందుంటది.
ఫుజైరా గుట్టలు ఆరు దినాల దుమ్ము దులుపుకోని
ఊకె కూసుంటయ్.
నేను నలభై టన్నుల డంపరెక్కి
అద్దాలు మీదికంట ఎత్తి
తువ్వాలల సుట్టిన డబ్బ ఒళ్లె వెట్టుకుంట.

డబ్బ మూత లోపట తెల్ల పట్టి,
దాని మీద పిల్లగాని రాత: సెవెన్ బి.
షార్జాల పాత సామాన్ల బజార్ల
కుక్కర్లకు, ఇస్త్రీ పెట్టెలకు నడుమ దొరికింది.
నూట నలభై దిర్హాములు.
ఇంటి లెక్కల దగ్గు మందు అని రాసిన.
ఊపిరి కొరకే గద, అబద్ధమెట్లయితది.
పట్టి మాత్రం పీకలే.
ఏ పిల్లగాడో, ఎందుకిడిసిండో.

నేనెందుకిడిసిన్నో నాకెరుకే.
మెట్‌పల్లిల మా మామ లచ్చీరాజం బ్యాండు,
అండ్ల నేను మూడో క్లారినెట్టు.
మోకాళ్ల దాక ఎర్రకోటు, గుండీ ఒకటి ఊడింది.
రాత్రికి ముప్పై రూపాలు, ఆఖరి బంతిల అన్నం.
మొదటోడు పాట ఊదుతడు,
రెండోడు వాని ఎన్క ఉరుకుతడు,
మూడోడు కింద పట్టుకోని ఉంటడు,
ఒక్కటే ఊపిరి, అటొక సురం ఇటొక సురం.
"గట్టిగ ఊదకురా, తప్పువోతె అందరికి ఇనవడ్తది" అనేది మామ.
సరిగమలు చెప్పలే. ఆయనకే రావు.
నన్ను బోర్ల పండవెట్టి
వీపు మీద తొమ్మిది వేళ్లతోటి వాయించేది.
ఇది మూసుడు, ఇది తెరుసుడు,
ఇది సగం మూసుడు, పిల్లను సాగదోలేటప్పుడు.
పదో ఏలు, కుడి బొటనేలు,
కొయ్య బరువు మోస్తది. దానికి సురం లేదు.

డీజే డబ్బాలచ్చినంక
మా అత్త ఎర్రకోట్లు ఇప్పి బొంత కుట్టింది.

ఇరవై ఆరేండ్లు.
స్టీరింగు పట్టిన చిటికెనేలు బొక్క దాక పోతలేదు.
మీది పన్ను పోయింది,
పెట్టుడు పన్ను మీద మౌత్‌పీసు జారుతది.
బెండు ఎండి పలిగితె
ప్లంబర్ టేక్ బహదూర్
నల్లా పైపుకు సుట్టే తెల్ల టేపు సుట్టిచ్చిండు.
ఇగ నీళ్లు కారయన్నడు.
నీళ్లు గాదు బహదూర్, గాలి.

మొదటి నెల మేక అరుపే.
ఇప్పుడది సదువుకున్న మేక.
ఏసీ బంద్ జేస్తె చెమట, ఏస్తె దాని గుయ్యిమనుడు;
ఆ గుయ్యికి సగం సురం అవుతల
నేనొక్కన్నే తిర్గుతుంట.
దుమ్ము దిన్న ఊపిరి పాట సగంల తెగుతది.
తెగితె తెగనీ.
ఆగితె తిట్టేటోడు లేడు, బెదిరేటి గుర్రం లేదు,
ముప్పై రూపాలిచ్చేటోడు గూడ లేడు.
ఇట్ల ఉత్త పున్నానికి ఊదుడు
మా ఖాందాన్ల నేనే మొదలు.

మొన్న వాచ్‌మన్ గుల్ జమాన్
తలుపు మీద కట్టెతోటి కొట్టిండు.
దొంగోని లెక్క డబ్బ ముయ్యవోయిన.
"కిస్‌కీ షాదీ హై?" అన్నడు కిందికెంచి.
ఎవ్వలదీ గాదన్న.
కొద్దిసేపు గుట్ట దిక్కు సూసిండు,
మనిషెత్తు టైరు నీడల కూలవడ్డడు.
"అయితె ఆఖరు దాక వాయించు.
పెండ్లిల అయితె నడుమల అన్నానికి లేస్తరు."

అద్దం దించిన.
సాగదోలేటప్పటిది ఎత్తుకున్న.
అప్పుడు యాదికచ్చింది:
మొదటోని పాట నేనెన్నడు నేర్వనే లేదు.
నాకచ్చింది కింద పట్టుకునుడొక్కటే.
గదే ఊదిన. అటొక సురం, ఇటొక సురం,
మీద పాట ఉండాల్సిన జాగల
రెండు కాకులు, ఎండ.
రెండు పాళ్ల తప్పు పోయింది. గట్టిగనే పోయింది.

గుల్ జమాన్ ఏమనలే.
ఆఖరైనంక లేసి, పైజామ దులుపుకోని,
గేటు దిక్కు పోయిండు.

శనారం పొద్దుగాల బండి ఎక్కి స్టీరింగు పట్టుకుంటె
కుడి బొటనేలు కాడ
సుర్రుమన్నది.