కుంకుడు నోటి కొలత

ముందు ఒక పురికొస తీసుకున్నాను.
పూర్ణా మార్కెట్లో బెల్లం పొట్లానికి కట్టిచ్చింది,
ఇంకా తియ్యగానే ఉంది.
ఈ పెదవి మూల నుంచి ఆ పెదవి మూలకి పట్టి
రెండువైపులా ముడేశాను.
ఐదంగుళాలకు ఒక నూలు తక్కువ.
ఇన్నేళ్లూ దాని నోట్లో ఉన్నది ఆరంగుళాలది.

కుంకుడు అని పేరు నేనే పెట్టాను.
నానబెట్టిన కుంకుడుకాయ రంగు దానిది.
అమ్మినవాడు "మొండిది, గట్టిగా లాగితేగాని ఆగదు" అన్నాడు,
గుర్రంతోపాటు ముళ్ల కళ్లెం ఊరికే ఇచ్చాడు.

పగ్గం మీద చెయ్యి పడితే చాలు
తల తీసుకెళ్లి ఆకాశంలో పెట్టేది.
సబ్‌మెరైన్ ఎదురుగా వరసలో నిలబడ్డ పిల్లలు
"గుర్రం మబ్బులు మేస్తోంది" అని నవ్వేవాళ్లు.
నేనూ నవ్వాను, ఒక సీజనంతా.

ఒకరోజు నాలుక పక్కకి తప్పించి చూశాను.
ముందుపళ్లు అయిపోయాక, దవడపళ్లు మొదలవకముందు
నాలుగు వేళ్లు పట్టే ఖాళీ.
జట్కా తోలిన మా మావయ్య అనేవాడు,
"కళ్లెం కోసమే దేవుడు ఒగ్గేసిన జాగారా అది."
అక్కడ వేలు పెట్టాను.
కనురెప్పంత పల్చటి చర్మం, కింద నేరుగా ఎముక.
ఎడమవైపు ఎముక మీద గాడి,
నూతిగట్టు మీద చేదతాడు ఒరిసి ఒరిసి పడేలాంటిది.

ఆటోనగర్లో దాలినాయుడు లేతు తిప్పుతాడు.
షిప్‌యార్డు అతని చెవులు సగం ఉంచేసుకుంది,
ఏం చెప్పినా అరిచి చెప్పాలి.
"మెత్తటి కళ్లెం కావాలి!"
"ఇనుంలో మెత్తనేటి? కొలతే గానీ."

లావుగా చెయ్యమన్నాను, లావైతే నొక్కదు కదా అని.
సుత్తి పిడి నా చేతికిచ్చి
"నోట్లో ఎట్టుకుని మూసుకో, సూద్దాం" అన్నాడు.
మూతపడలేదు. నాలుక ఎక్కడ దాచుకోవాలో తెలియక
చొంగ కార్చుకుంటూ నిలబడ్డాను.
పనికుర్రాళ్లు పని ఆపేశారు.

మరీ సన్నమైతే కోస్తుంది.
మధ్యలో ఒకే కీలుంటే అడకత్తెర, లాగగానే అంగిట్లో పొడుస్తుంది.
చివరికి నా చిటికెనవేలంత లావు, రెండు కీళ్లు,
నడుమ చింతగింజంత రాగి ముక్క.
రాగి రుచికి నోరూరుతుందట,
నోరూరితే దవడ దానంతటదే వదులవుతుందట.

ఇచ్చేముందు ప్యాంటు మోకాలిదాకా మడవమన్నాడు.
పాత కళ్లెం నా కాలి ముందెముకకి ఆనించి
రెండు కొసలూ లాగాడు.
ఎక్కువేం కాదు, పదేళ్ల పిల్లాడు లాగేటంత.
నా నోట్లోంచి వచ్చిన కేక
అతనికి సైతం వినబడింది.
తర్వాత కొత్తది. అదీ నొక్కింది.
"నొక్కుద్ది. నొక్కనిది నాకాడ నేదు.
అవతల సెయ్యి ఎవుడిదో అది సూసుకో."

మర్నాడు చీకటుండగానే టీ బండి దగ్గర
వేడి గ్లాసుకి ఆనించి కళ్లేన్ని కాస్త వెచ్చబెట్టాను.
పెదవి మూల ఒక్క ముడతే పడేలా కట్టాను.
కుంకుడు అలవాటుకొద్దీ తల ఎత్తేసింది.
రావలసిన నొప్పి కోసం అలాగే ఆగింది.
రెండు అలలు వచ్చి వెనక్కెళ్లాయి.
చెవి ఒకటి నా వైపు తిప్పింది.
తర్వాత నాలుకతో రాగి ముక్కని దొర్లించడం మొదలెట్టింది,
టక్కు, టక్కు,
పళ్లూడిన ముసలమ్మ వక్క చప్పరిస్తున్నట్టు.

ఎడమకి తిరగమంటే ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

ఎక్కే పిల్లలకి ఒకటే చెబుతాను.
మురీ మిక్చరు పొట్లం పట్టుకున్నట్టు పట్టుకోండమ్మా పగ్గం,
నలిపారంటే అంతా ఇసకపాలు.
కొందరు వింటారు.
విననివాళ్లకి పగ్గం ఇవ్వను, నేనే పట్టుకుని నడుస్తాను,
వాళ్ల నాన్న డబ్బులు తిరిగివ్వమన్నా సరే.

పాతది మంచం కింద ఉంది.
అమ్మితే ఇంకో నోట్లోకి పోతుంది.
సముద్రంలో వేద్దామంటే
ఏ జాలరి వలకో తగిలి మళ్లీ ఒడ్డెక్కుతుంది.
ఉప్పుగాలి ఇంట్లోకీ వస్తుంది కదా,
తినేదాకా తిననీ అని ఉంచాను.