ఏ కుప్పల

రెడ్‌హిల్స్‌లో మూడో అంతస్తు.
నాంపల్లి రైలు కూత వేస్తుంది, తలెత్తను.
గాజుపలక మీద ఊదా చుక్కలు, గులాబీ మరకలు,
ఎవరి ఎముకలోనిదో ఒక్క బొట్టు.

ఏ కణం ఏ ఇంటిదో నేను చెప్పాలి.
గడ్డగా కూర్చునేదా, నెత్తుట్లో తిరిగేదా,
మజ్జలో మొదలైందా, లింఫు గ్రంథిలోనా,
ఎదగడం మరిచిన పసిదా
చావడం మరిచిన ముసలిదా.

ఎల్లేశం మలక్‌పేట గంజులో మిర్చి ఏరుతాడు.
తేజ ఒకవైపు, తాలు ఒకవైపు,
కుప్పను బట్టి ధర.
కూతురి రిపోర్టు తలకిందులుగా పట్టుకుని అడిగాడు:
"దీన్ని ఏ కుప్పల ఏసిండ్రు మేడం?"

చెప్పాను. ఒక్క ఊపిరికి అందని పేరు.
నేను చదువుకునే రోజుల్లో ఇదే కణానికి
ఒక అక్షరం, పక్కన ఒక అంకె.
ఇప్పుడు, విరిగి అతుక్కున్న రెండు జన్యువుల పేర్లు.

"పేరు మారిస్తే రోగం మారుతదా?"

"మందు మారుతుంది."

ఆ పేరును మూడుసార్లు పలికాడు.
మూడుసార్లూ తప్పే, నేను దిద్దలేదు.
కళ్లు తుడుచుకోబోయిన చెయ్యి
సగంలో ఆగింది. వేళ్ల నిండా మిరప కారం, ఏళ్ల అలవాటు.
భుజంతో తుడుచుకున్నాడు.