జ్వరం

రేపు జెండా పండగ.
చాక్‌పొడి దులిపి బీరువా సర్దుతుంటే
అడుగున, చెదలు సగం చదివేసిన
పాత హాజరు పట్టీ.
పంతొమ్మిది వందల నలభై రెండు. ఫోర్త్ ఫారం.

ఏప్రిల్ పేజీ నిండా ఖాళీలే.
రేవు మీద బాంబులు పడ్డాయని
ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుపోయిన నెల.
జూలైకి ఒక్కొక్కరే తిరిగొచ్చారు,
మైలిపిల్లి పోలారావు, పిల్లా నూకన్న,
షేక్ మదీనా, ద్విభాష్యం సోమయాజి.

ఆగస్టులో మళ్ళీ ఎర్రసిరా.
ఈసారి భయపడి కాదు.
పదమూడో తారీఖున పద్నాలుగు మంది.
కారణం గడిలో మేష్టారి గుండ్రటి దస్తూరీ:
జ్వరం. జ్వరం. జ్వరం.
పద్నాలుగు మందికీ ఒకటే జ్వరం,
ఒకే పూట.

ఆ పూట ఏం చేశారో పట్టీ చెప్పదు.
వాల్తేరు స్టేషన్ దగ్గర తంతి తీగలు తెగాయని
మా తాతయ్య అనేవాడు.
ఎవరు కోశారో మాత్రం అనేవాడు కాదు.

ఎవరూ ఇవ్వని సెలవు
వాళ్ళే తీసుకున్నారు.
ఇప్పుడు కేలెండర్లో మనకి
ఎర్రగా అచ్చేసి ఇస్తున్నది
ఆ సిరాయేనేమో.

సోమవారానికి పదమూడు మందికి తగ్గింది.
నూకన్నకి తగ్గలేదు.
డిసెంబరు దాకా ప్రతి గడిలోనూ అదే మాట.
ఆఖరి పేజీలో
పేరు కొట్టేయబోయిన గీత
ఇంటిపేరు దాటి
'నూ' దగ్గర మడుగు కట్టి ఆగింది.

పట్టీ మూస్తుంటే
గుమ్మంలో ఏడో క్లాసు ఎల్లాజీ:
"మేడమ్, రేపు రాకపోతే
ఆబ్సెంటేస్తారేటి?"

ఏం చెప్పాలో తోచక
వాడి నుదుటి మీద
చెయ్యి వేసి చూశాను.