ఛాతీలో తలుపు

పని మొదలెట్టిన రోజు బాజీ అడిగాడు,
"గురువు గారూ, ఇది దేవుడా రాక్షసుడా?" అని.
నాకేం తెలుసు. కంకిపాడు బిర్యానీ హోటలాయన
అడ్వాన్సిచ్చి ఫోన్లో బొమ్మ చూపించాడు:
"ముప్పై రెండడుగులు. హైవే మీంచి కనబడాలి. జపాన్ది లాగా."
అంతే.

ఆటోనగర్ నుంచి నాలుగు ట్రక్కుల తుక్కు దిగింది
సింగ్ నగర్ చివర మా షెడ్డు ముందు.
లేలాండు గేరుబాక్సు మోకాలైంది.
కమాను కట్టలు పక్కటెముకలు.
వేళ్ళకి సైలెన్సర్లు, మెడకి బేరింగు,
కళ్ళకి ఏదో అంబులెన్సు లైట్లు,
ఒకటి నీలం, ఒకటి ఎరుపు. జత దొరకలేదు.

జపాన్ సంగతులు బాజీ కూతురు చెప్పింది, షాహీన్.
ఎనిమిదో తరగతి. లెక్కల నోటు వెనక పేజీలన్నీ రోబోలే.
అక్కడ సముద్రం ఒడ్డున ఒకదాన్ని నిలబెట్టారట,
మోకాలు వంచిందట, వేలెత్తి ఆకాశం చూపిందట.
చిన్నప్పుడు టీవీలో చూసిన బొమ్మ
మేడంత ఎత్తున ఎదురుగా నిలబడేసరికి
తల నెరిసిన మగాళ్ళు, టై కట్టుకున్నవాళ్ళు,
అక్కడే నిలబడి ఏడ్చారట.
"బొమ్మని చూసి ఏడుపేంటే?" అన్నాను.
"బొమ్మని చూసి కాదు తాతా" అంది.
ఇంకేం చెప్పలేదు. పెన్సిలు చెక్కుకుంది.

ఇంకోరోజు అడిగింది,
"మనిషి కూర్చునే చోటేది?"
అక్కడి కథల్లో అవి వాటంతటవి కదలవట.
ఛాతీలో ఒక పిల్లాడుంటాడట,
పద్నాలుగు పదిహేనేళ్ళవాడు,
భయపడుతూనే నడుపుతాడట.
ఎస్టిమేట్లో లేకపోయినా తలుపు కోశాను.
లోపల పాత స్కూలు బస్సు సీటొకటి బిగించాను.
నిచ్చెనెక్కి కూర్చున్న పిల్ల
అన్నానికి పిలిచినా దిగలేదు.

వీపుకి లారీ వెనక తలుపు వాడాం.
దాని మీద పాత పెయింటక్షరాలు:
నన్ను చూసి ఏడవకురా.
"గ్రైండింగు కొట్టేద్దామా?" అన్నాడు బాజీ.
ఉండనీరా, వీపెవడు చూస్తాడు, అన్నాను.

బుడమేరు తెల్లారుజామున వచ్చింది.
ముందు చెప్పులు తేలాయి,
తర్వాత గ్యాసు బండలు, తర్వాత మా నిచ్చెన.
మా ఇనప దొర ఎగరలేదు.
ఎవర్నీ అరచేతిలోకి ఎత్తుకోలేదు.
మోకాళ్ళ దాకా నీళ్ళలో,
వెలగని రెండు రంగుల కళ్ళతో నిలబడ్డాడు.

"కాయితాలు! కాయితాలెక్కడ పెట్టాలి?"
రేకుల షెడ్ల వైపు నుంచి కేకలు.
పక్కటెముకలు పట్టుకుని షాహీనే ఎక్కింది.
బాజీ గొంతు లోతులో నిలబడి
ఒక్కొక్క సంచీ అందించాడు:
ఇంటి పట్టాలు, టెన్త్ మెమోలు, డ్వాక్రా పుస్తకాలు,
సైదమ్మ గారి మందుల చీటీ,
ఏసుపాదం గారి పెళ్ళి ఫోటో, ఫ్రేముతో సహా.
బస్సు సీటు నిండిపోయింది.
తలుపు వేసి గడియ పెట్టింది.

పెద్ద డాబా మీద అందరం సర్దుకున్నాం.
అక్కణ్ణుంచి మాకు దాని వీపే కనబడేది,
పొద్దున్నా వీపే, సాయంత్రం పులిహోర పొట్లాల పడవ వచ్చినా వీపే.
నాలుగో రోజు ఏసుపాదం గారు
ఆ అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాడు. నవ్వాడు.
నవ్వుతూ నవ్వుతూ
తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.
మేం పక్కకి చూశాం.

నీళ్ళు తీశాక హోటలాయన క్రేను తెచ్చాడు.
మోకాలి దగ్గర బురద గీత చూసి,
"ఇది రుద్దేసి పెయింటేయండి, తినే చోట బాగోదు" అన్నాడు.
సరే అన్నాను. ఆ పనికేగా డబ్బులు.
కానీ ఇవాళ కాదు.
సీట్లో ఇంకా ఒక సంచీ ఉంది,
బట్టలకొట్టు పసుపు సంచి, మూడు ముళ్ళేసింది.
వీధి వీధంతా అడిగొచ్చాం,
ఎవరూ మాదనలేదు.
క్రేనువాడు ఇంజను ఆపి బీడీ వెలిగించాడు.
పైన షాహీన్ తలుపు బార్లా తెరిచి
ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.