చట్టం చెప్పే పొద్దు

అక్టోబరు ఆఖరి ఆదివారం.
వంటింటి బల్ల మీద వేట నిబంధనల పుస్తకం,
మొన వంగిన పెన్సిలు,
నార్వల్ మోచేతి దగ్గర చల్లారిన కాఫీ.
"చదువు ఆర్డిస్," అన్నాడు తమ్ముడు,
అరవై నాలుగేళ్లవాడు,
బడిపిల్లాడిలా వీపు నిటారుగా పెట్టి.

చదివాను.
విల్లమ్ముల రోజులు సెప్టెంబరు నుంచీ నడుస్తున్నాయి.
పిల్లల రెండు రోజులూ అయిపోయాయి.
ఇక తుపాకుల తొమ్మిది రోజులు,
థాంక్స్‌గివింగ్ ముందటి శనివారం మొదలు.
విస్కాన్సిన్‌లో ఆ తొమ్మిది రోజులూ
పెళ్లిళ్లు పెట్టుకోరు, పళ్లు పీకించుకోరు,
పోయేవాళ్లు కూడా కాస్త ఆగుతారని మా నాన్న అనేవాడు.
ఆయన మాత్రం ఆగలేదు.

"ఆడజింకల చీటీలు ఎన్నిచ్చారు మన కౌంటీకి?"
చెప్పాను.
"ఎక్కువే. పోయిన చలికాలం మెత్తగా గడిచింది,
ఆకలికి ఏవీ చావలేదు. లెక్క కుదరాలిగా."
ఎవరో ఎక్కడో ఆఫీసులో కూర్చుని
మంచు లోతు కొలిచి, పిల్లల్ని లెక్కేసి,
ఎన్ని మిగలాలో తేల్చి కాగితం పంపారు.
మేం ఆ లెక్కలో
చివరి తీసివేత.

రోగం సంగతి చిన్నక్షరాల్లో ఉంది. అది గబగబా చదివేశాను.
నిరుడు నేను కొట్టిన కొమ్ములదాని తల
రోడ్డు పక్క డబ్బాలో వేసొచ్చాం, పరీక్షకి.
జవాబొచ్చేదాకా ఫ్రీజర్ తలుపు తియ్యలేదు.
వచ్చాక,
నలభై పౌన్ల మాంసం నల్లసంచుల్లో కట్టాను.
చెత్తబండి కుర్రాడు "బరువుగా ఉందే" అన్నాడు.
అవునన్నాను.

అప్పుడు నార్వల్ జేబులోంచి ఇంకో కాగితం తీశాడు,
నాలుగు మడతలది, డాక్టరు సంతకంతో.
చూపు లేనివాడికీ అనుమతి ఉంది ఇక్కడ.
పక్కన చూపున్న మనిషి ఉండాలి,
గురి సరిచెయ్యడానికి,
జింక వెనక ఇల్లుందో, మనిషున్నాడో చెప్పడానికి.
"నీ పేరు రాశాను," అన్నాడు.
అడగలేదు.
అక్షరాలు ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"నారింజ చొక్కా ఎక్కడుంది?"
"అటక మీద."
"ఇంకా మండుతోందా ఆ రంగు?"
"మండుతోంది."
"సరే, వేళల పట్టిక చదువు."

సూర్యోదయానికి అరగంట ముందు.
ఆ నిమిషం దాకా తూటా బయటికి రాకూడదు.
"తొలి శనివారం?"
"ఆరూ ముప్పై ఆరు."
పెదాలతో మళ్లీ అనుకున్నాడు, ఆరూ ముప్పై ఆరు.
నాకు తెల్లారితే కిటికీలో తెలుస్తుంది,
పశువుల కొట్టం రేకు కప్పు ముందు బూడిదై, తర్వాత ఎర్రనై.
వాడికి రెండేళ్లుగా
పొద్దు పొడిచేది ఇదిగో, ఈ గళ్లలోనే.
చట్టం ఒప్పుకుంటేనే తెల్లవారుతుంది.
ఆదివారానికి ఒక నిమిషం ఆలస్యం, సోమవారానికి ఇంకాస్త.
తొమ్మిది ఉదయాలూ ఎక్కాల్లా కంఠస్థం చేశాడు.

నేను పైకి అడగని మాట ఒకటుంది.
కికాపూ నది మీది గట్టున, ఓక్ చెట్ల సందులోంచి,
ఒక ఆడజింక వచ్చి నిలబడితే,
దాని వెనకే ఈ యేటి పిల్ల వచ్చి
తల్లి పొట్టకి ముట్టె ఆనిస్తే,
నేను చూసి, చెప్పకపోతే?
పేజీలు తిరగేశాను.
దీపం వేసి వేటాడితే జరిమానా,
రోడ్డు మీంచి కాలిస్తే జరిమానా,
చీటీ లేకుండా కదిలిస్తే జరిమానా.
నోరు మూసుకున్న అక్కకి ఏ పేజీలోనూ ఏమీ లేదు.

"ఆకులు ఎండుంటే," అన్నాడు నార్వల్,
చల్లారిన కప్పు కోసం బల్లంతా తడుముతూ,
"నువ్వు చూసేలోపే నాకు వినిపిస్తుంది."
కప్పు దొరికింది.
"నువ్వు చెప్పకపోయినా
అదీ వినిపిస్తుంది."

కాఫీ వేడిచేసి ఇవ్వనా అన్నాను.
వద్దన్నాడు.
మళ్లీ మొదటి పేజీ తియ్యమన్నాడు.