గుంజలు

"పన్ను పీకించినప్పుడు రక్తం ఆగిందా?"
నెలసరి గురించొస్తే పంటి సంగతి అడిగింది డాక్టరమ్మ.
హెప్సిబా నావైపు చూసింది.
రెండు రోజులండి. తలగడ గలీబు పారేశాం.
ముక్కు? ఎండాకాలం, తరగతిలోనే, రెండుసార్లు.
నెల నెలా?
తొమ్మిది రోజులు. నేరేడుపళ్ళంత గడ్డలు.
"మా ఇంటి ఆడాళ్ళకి అంతేనండి" అన్నాను,
మా అమ్మ సువార్తమ్మ నాతో అన్నట్టే.

గొట్టంలో రక్తం కాకినాడ వెళ్ళింది,
పన్నెండు రోజులకి కాయితమై వచ్చింది.
అన్ని గడ్డలు పడుతుంటే గడ్డకట్టదంటారేంటండీ?
"అవి నిలవాల్సిన చోట నిలవక,
పొంగి పారాక కట్టినవమ్మా.
కణాలు చాలినన్ని ఉన్నాయి,
వాటిని పట్టి ఉంచే జిగురే తక్కువ."

లాకుల కాడ లస్కరు మా ఏసుపాదం.
"అంటే, బస్తాలున్నాయి. గుంజల్లేవు."
ఆ ఏడు కాలవకి గండి పడి
ఇసక బస్తాలు దూదిపింజల్లా దొర్లిపోతుంటే
పీకల్లోతు నీళ్ళలో వెదుర్లు దిగేసినోడు.

నేను వేరే లెక్కలో ఉన్నాను.
ఇరవై ఏడేళ్ళకి నా గర్భసంచి తీసేశారు, పాలకొల్లులో.
చెడిపోయిందన్నారు.
కుట్లు ఆరు రోజులు కారుతూనే ఉన్నాయి.
ఎవరూ పంటి సంగతి అడగలేదు.
ఏ బేసిన్లో పడి పోయిందో
ఏ పాపమూ ఎరగని సంచి.

మాత్రల పొట్లం ఒళ్ళో పెట్టుకుని
అమలాపురం బస్సులో హెప్సిబా
ఈసారి తెల్ల చుడీదారు కొనమంది.
కొంటానన్నాను.
రావులపాలెం దాటేదాకా
నా చెయ్యి ఆ పాత కుట్టు మీదే ఉంది.