చెవిరాయి

పైక్ చేప తలలో, చెవి ఉండాల్సిన చోట,
బియ్యపు గింజంత రాయి ఉంటుంది.
నరికిన చెట్టు మొదట్లో లాగే
దాంట్లో వలయాలు, ఏడాదికొకటి.
ఇర్యా దాన్ని కటకం కింద పెట్టి
పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంది.
పందొమ్మిది.
"మా చిన్నోడి కంటే రెండేళ్ళు పెద్ద" అంటుంది.

పందొమ్మిది చలికాలాలు, మోకాలిలోతు మంచుపలక కింద,
చీకట్లో, ఏ తొందరా లేకుండా
ఏడాదికి రెండు వేళ్ళ చొప్పున పెరిగింది.
ఆ సరస్సు గట్టున పొగగొట్టం లేదు.
రెయిన్‌డీర్ల మంద, రెండు పడవలు, ఒక ఆవిరిగది, అంతే.
ఎవరి బొగ్గో ఎక్కడో కాలింది.
పాదరసం మబ్బెక్కి వచ్చి మంచుతో పాటు రాలింది.
ముందు నాచులోకి, నాచు నుంచి పురుగులోకి,
పురుగును తిన్న చేపలోకి, దాన్ని తిన్న దీనిలోకి.
ఈ ముసలిది దేన్నీ వదులుకోలేదు,
పైసా పైసా కూడబెట్టిన పీనాసి.

ఇవాళ ఇంకో పెట్టె వచ్చింది, బ్రెజిల్ నుంచి.
సగం కరిగిన ఐసులో తుకునారే,
తోక మొదట్లో కన్నులాంటి మచ్చ.
అక్కడ చలికాలం లేదు. రాయిలో గీతలు
వరద తీసినప్పుడు పడినవి,
అలుక్కుపోయిన చేతిరాత.
"నాలుగు" అంది ఇర్యా. మళ్ళీ చూసి, "నాలుగే."
యంత్రం మాత్రం రెండిటికీ ఒకటే అంకె చెప్పింది.
వెచ్చటి బురద నిద్రపోదు మరి.
ఏటికి ఎగువన బంగారం కడిగేవాళ్ళు
ఇసుకలో పాదరసం పోసి, పిండి, మంట మీద కాల్చి
పచ్చటి ముద్ద జేబులో వేసుకుని పోతారు.
మిగిలిందంతా నీళ్ళ వాటా.

పెట్టె అడుగున తడిసిన చీటీ, జురేమా అనే ఆవిడ రాసింది:
"నా మనవరాలు పట్టిన మొదటి చేప.
తిననివ్వలేదని నాతో మాట్లాడటం లేదు.
ఏ సంగతీ తొందరగా చెప్పండి."

చేపపిల్లకు ఈత నేర్పాలా, అంటారు మావాళ్ళు.
మూలనున్న గాజుతొట్లలో పిల్లచేపలు ఉన్నాయి.
పైన అట్టముక్క కొంగను ఆడిస్తే
మంచినీళ్ళవి చటుక్కున చెదిరాయి.
పాదరసం తిన్నవి
ఒక్క క్షణం ఆలోచించాయి.
కొంగకు ఆ క్షణం చాలు.

మా భాషలో చురుకైన పిల్లని
పాదరసం అంటారని
ఇర్యాకి ఇంకా చెప్పలేదు.

మధ్యాహ్నం తన డబ్బా తెరిచింది. నల్లరొట్టె మధ్య చేప.
నా చూపు ఎక్కడుందో గమనించి
"చిన్నదిలే" అంది, "మూడు గీతలే."
కొరికింది.
కిటికీ అవతల మళ్ళీ మంచు మొదలైంది.